ఉబుంటులో లిబ్రెఆఫీస్: తెలుగు అక్షరాలకు ఫాంటు మారడం లేదు, పెద్ద ఫైలు తెరవగానే మూసుకుపోతోంది

సాలూరు మాస్టారు:

అందరికీ నమస్కారం.

మా ఊరి గ్రంథాలయం మూడు నెలలకొకసారి తెచ్చే చిన్న పత్రికకు పదకొండేళ్లుగా నేనే అక్షరాలు కూర్చి పుటలు దిద్దుతున్నాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. మా ల్యాప్‌టాప్‌కు విండోస్ 11 ఎక్కే అర్హత లేదు, కొత్తది కొనే స్తోమత గ్రంథాలయానికి లేదు. అందుచేత మా మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు విండోస్‌కు బదులుగా ఉబుంటు 24.04, దానిమీద పత్రాలు కూర్చుకునే లిబ్రెఆఫీస్ ఎక్కించి వెళ్లాడు. యంత్రంలో ర్యామ్ 4 జీబీ ఉంది. ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగు ఉపకరణాల ద్వారా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికతో టైపు చేస్తున్నాను. టైపింగు విషయంలో నాకు ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బందులు వేరే మూడు ఉన్నాయి. మొదటిది, లిబ్రెఆఫీస్‌లో పత్రాలు రాసే రైటర్‌లో పేరాగ్రాఫ్ స్టైల్ తెరిచి ఫాంటు మండలిగా మార్చి ఒప్పుకుంటే, వ్యాసంలోని అంకెలు, అక్కడక్కడా ఉన్న ఇంగ్లీషు మాటలు మారుతున్నాయి తప్ప తెలుగు అక్షరాలు పాత ఫాంటులోనే ఉండిపోతున్నాయి. రెండవది, పాత సంచికల వ్యాసాలు ‘అను’ అన్న పేరుగల పాత ఫాంట్లలో కూర్చినవి. వాటిని తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తున్నాయి. మూడవది అన్నింటికన్నా పెద్దది. రాబోయే ప్రత్యేక సంచిక 48 పుటలు, అందులో 26 పాత ఫోటోలు ఉన్నాయి. ఆ ఫైలు తెరిచి ఇరవయ్యో పుట దాటేసరికి కిటికీ మొత్తం ఒక్కసారిగా మాయమవుతోంది. తప్పు జరిగిందన్న సందేశం కూడా రాదు. లిబ్రెఆఫీస్‌ను రెండుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాను, ఫలితం లేదు. పత్రిక అచ్చుకు వెళ్లడానికి పన్నెండు రోజుల గడువుంది. తెలిసినవారు దారి చూపగలరని ప్రార్థన.

ఫాంటుపెట్టె:

సాలూరు మాస్టారికి నమస్కారం. మీ మూడు చిక్కులకూ మూలం ఒక్కటి కాదు. తీసేసి మళ్లీ ఎక్కించడం వల్ల వీటిలో ఏ ఒక్కటీ తీరదు కాబట్టి ఆ శ్రమ ఇక మానుకోండి. లిబ్రెఆఫీస్‌ను తొలగించినా మీ అమరికలన్నీ హోమ్ ఫోల్డరులో దాగి ఉండే ప్రొఫైల్‌లో అలాగే మిగిలిపోతాయి, మళ్లీ ఎక్కించగానే కొత్త ప్రోగ్రాము ఆ పాత అమరికలనే చదువుకుంటుంది.

ఫాంటు సంగతి ముందు చూద్దాం. లిబ్రెఆఫీస్ ప్రతి అక్షరాన్నీ మూడు వర్గాల్లో ఒకదాని కింద లెక్కిస్తుంది: పాశ్చాత్య లిపులు ఒకటి, చైనా జపాన్ కొరియా లిపులు ఒకటి, కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అని అది పిలిచే లిపులు ఒకటి. వత్తులు, గుణింతాలు కలిసి ఆకారం మార్చుకునే తెలుగు ఈ మూడవ వర్గంలోకి వస్తుంది. ఒకే స్టైల్‌లో ఈ మూడింటికీ వేర్వేరు ఫాంట్లు ఉంటాయి. డెస్క్‌టాప్ భాష ఇంగ్లీషు అయినప్పుడు మూడవ వర్గపు గడులు సాధారణంగా దాగి ఉంటాయి, మనకు పాశ్చాత్య లిపి గడి ఒక్కటే కనిపిస్తుంది. మీరు మండలిని ఎంచుకున్నది ఆ గడిలో. అందుకే అంకెలు మారాయి, తెలుగు మారలేదు.

టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్ కింద జనరల్ అన్నచోట కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ పక్కనున్న పెట్టెలో టిక్కు పెట్టి, భాషగా తెలుగును ఎంచుకోండి. అక్కడ హిందీ ఉంటే అక్షరాలు సరిగానే కనిపిస్తాయి గాని అక్షరదోషాల తనిఖీ పనిచేయదు. ఆ తరువాత అదే స్టైల్‌ను మళ్లీ తెరిస్తే ఫాంటు పుటలో రెండవ గడి కనిపిస్తుంది, అందులో మండలిని ఎంచుకోండి. కొత్త పత్రాలన్నింటికీ అదే ఫాంటు రావాలంటే ఆప్షన్స్‌లోనే రైటర్ కింద కొత్తగా కనిపించే బేసిక్ ఫాంట్స్ గడులను కూడా మార్చుకోవాలి.

ఇంత చేసినా మార్పు కనిపించకపోతే మీ యంత్రంలో లిబ్రెఆఫీస్ ఒకటే ఉందా, రెండున్నాయా అన్నది చూసుకోండి. ఉబుంటు యాప్ సెంటర్ నుంచి తీసుకుంటే స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో వస్తుంది, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో ఆప్ట్ ద్వారా తీసుకుంటే డెబ్ అనే ప్యాకేజీ రూపంలో వస్తుంది. రెండూ పక్కపక్కనే ఉండగలవు, దేని ప్రొఫైల్ దానిదే. ఒకదానిలో అమరిక మార్చి, ఫైలు మీద నొక్కినప్పుడు రెండవది తెరుచుకుంటే, చేసిన పనంతా వృథా అయినట్టు తోస్తుంది. హెల్ప్ మెనూలో అబౌట్ తెరిచి వెర్షన్ సంఖ్యను రెండు చోట్లా పోల్చి చూడండి. 2024 జనవరి చివరి నుంచి ఈ సంఖ్యలు ఏడాది, నెలల రూపంలో వస్తున్నాయి, 7.6 తరువాత వచ్చినది 24.2.

మూసుకుపోవడం గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేను. తప్పు ఎక్కడుందో తెలియకుండా మందు వేయకూడదు. రెండు పనులు చేసి ఫలితం ఇక్కడ రాయండి. హెల్ప్ మెనూలో సేఫ్ మోడ్‌లో మళ్లీ ప్రారంభించే వీలుంది. అలా తెరిచినప్పుడు మీ ప్రొఫైల్‌ను పక్కనబెట్టి, పొడిగింపులేవీ లేకుండా నడుస్తుంది. అక్కడ కూడా మాయమవుతుందా లేదా చూడండి. మాయమైన వెంటనే టెర్మినల్‌లో జర్నల్‌సిటిఎల్ ఆదేశంతో వ్యవస్థ చిట్టా తెరిచి, ఆ నిమిషంలో నమోదైన చివరి పది వరుసలను పంపండి. ప్రోగ్రాము తనంతట తాను కూలిందా, దానిని మరెవరైనా ఆపేశారా అన్నది అక్కడ తెలుస్తుంది.

పాత కంపోజిటరు:

పైన చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేరుస్తున్నాను. సేఫ్ మోడ్‌లో ఫైలు బాగానే తెరుచుకుందనుకోండి, ప్రొఫైల్‌ను తొలగించమని చాలామంది సలహా ఇస్తారు. తొలగించకండి, ఆ ఫోల్డరుకు పేరు మార్చి పక్కన ఉంచండి. తనిఖీ నిఘంటువులో లేని మాటలను మీరు ఒక్కొక్కటిగా చేర్చుకున్న జాబితా అందులోనే ఉంటుంది. తెలుగు మాటకు విభక్తులు, సంధులు అంటుకుని ఎన్ని రూపాలవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. పదకొండేళ్ల పత్రికవారికి ఆ జాబితా ఆస్తి.

ఇక అను ఫైళ్ల సంగతి. నేను విజయవాడ ప్రెస్సుల్లో ఇరవై ఏళ్లకు పైగా ఆ ఫాంట్లతోనే పనిచేశాను కాబట్టి తెలిసి రాస్తున్నాను. ఆ ఫైళ్లలో నిజానికి తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంఖ్యల మీద తెలుగు అక్షరాల ముక్కల బొమ్మలు కూర్చారు. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో అది తెలుగుగా కనిపిస్తుంది, లేనిచోట లోపలి సరుకు బయటపడుతుంది. కనుక ఇది లిబ్రెఆఫీస్ లోపం కాదు. పుటలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచే ఏర్పాటు 2015లో వచ్చిన 4.4 నుంచి లిబ్రెఆఫీస్‌లో ఉంది; లిబ్రెఆఫీస్‌లోనే బొమ్మలు గీసే డ్రాలో తెరిస్తే పుటల అమరిక చాలావరకు వస్తుంది గాని అక్షరాలు ఆ పాత సంకేతాల్లోనే ఉంటాయి. వాటిని, ప్రతి లిపిలోని అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు దొరుకుతాయి. అయితే మార్చిన పాఠాన్ని ఒక్కసారి చూసి వదిలేయకూడదు. ముక్కల వరుసలో కూర్చిన పాఠం కంటికి కనిపించే క్రమంలో ఉంటుంది, యూనికోడ్ పలికే క్రమాన్ని కోరుతుంది. వలపలగిలకతో (హల్లుకు ముందు పలికే రకారాన్ని చూపే గుర్తుతో) కూర్చిన పాత వ్యాసాలుంటే దీని ప్రభావం బాగా తెలుస్తుంది: ఆ గుర్తు కాగితం మీద హల్లు తరువాత నిలబడుతుంది, యూనికోడ్‌లో మాత్రం రకారం ముందే రావాలి. సూర్యుడు, ధర్మం, కార్యం వంటి మాటలను వెతికి చూస్తే మీ ఉపకరణం ఈ క్రమాన్ని సరిగ్గా తిప్పిందో లేదో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

మార్చిన పాఠంలోను, వెబ్ నుంచి తెచ్చిన పాఠంలోను ఇంకొక చిక్కు పొంచి ఉంటుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనబడని అక్షరం ఒకటుంది. పొల్లు తరువాత అది ఉంటే తరువాతి హల్లు వత్తుగా మారదు. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో టకారం పొల్లుగా నిలబడేది దానివల్లే, అది లేకపోతే సాఫ్ట్వేర్ అవుతుంది. రాజ్‌కుమార్, రాజ్కుమార్ రెండూ కంటికి వేరుగా కనిపించడానికీ అదే కారణం. కొన్ని పాఠాల్లో ఇది అవసరం లేని చోట దూరి అక్షరాలను విడగొడుతుంది. అనుమానం వచ్చిన చోట కర్సరు పెట్టి ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కితే ముందున్న అక్షరం తన యూనికోడ్ సంఖ్యగా మారుతుంది. 200సి కనిపిస్తే అది ఇదే. మళ్లీ అవే మీటలు నొక్కితే యథాస్థితికి వస్తుంది. మొత్తం పాఠం నుంచి దీనిని ఒక్క దెబ్బతో తీసేయాలన్న ఆలోచన మాత్రం వద్దు. నేను ఒకసారి ఆ పని చేసి, ఒక పుస్తకం మొత్తంలో ఆంగ్ల పదాలన్నీ ముద్దలై కూర్చున్నాక, రెండు రోజులు కూర్చుని చేత్తో దిద్దుకున్నాను.

ఈ కనబడని అక్షరానికి ఎంత శక్తి ఉందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. జ్ఞ అన్న సంయుక్తాక్షరం తరువాత ఇది, దాని తరువాత దీర్ఘం వచ్చిన వరుసను చూపబోయి ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆ నెల 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ సంస్థ దానిని సరిచేసింది. తెలుగు అక్షరం వల్ల ఫోన్లు ఆగుతున్నాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. అది అన్యాయమైన మాట. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని వరుసలతో కూడా అదే జరిగింది. తప్పు అక్షరానిది కాదు, చూపించే ప్రోగ్రాముది.

సాలూరు మాస్టారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. చెప్పినవి చెప్పినట్టు, ఒక్కొక్కటిగా చేశాను.

నా యంత్రంలో లిబ్రెఆఫీస్‌లు రెండున్నాయి. మేనల్లుడు యాప్ సెంటర్ నుంచి ఒకటి ఎక్కించాడు, నేను తీసేసి మళ్లీ ఎక్కించాననుకున్నది టెర్మినల్ నుంచి తెచ్చిన రెండవది. స్నాప్‌ను తీసేసి, మిగిలినదానిలో టిక్కు పెట్టి, స్టైల్‌లో రెండవ గడి మార్చగానే 48 పుటల తెలుగు ఒక్కసారిగా మండలిలోకి మారింది. పదకొండేళ్లుగా ప్రతి వ్యాసాన్నీ విడివిడిగా ఎంచుకుని ఫాంటు మార్చేవాడిని. స్టైల్‌తో ఇంత పని జరుగుతుందని ఈ రోజు తెలిసింది. సూర్యుడు పరీక్షలో నా ఉపకరణం తప్పింది కాబట్టి వేరొకటి చూసుకుంటున్నాను.

మాయమయ్యే చిక్కు సేఫ్ మోడ్‌లో కూడా ఉంది. చిట్టాలో ఆ నిమిషంలో సిస్టమ్‌డి-ఊమ్‌డి అనే పేరు, దాని పక్కన ఈ యూనిట్‌లోని ప్రాసెస్‌లను చంపినట్టు ఒక వరుస కనిపించాయి. లిబ్రెఆఫీస్ కూలినట్టు ఎక్కడా లేదు. దీని అర్థమేమిటో చెప్పగలరు.

ఫాంటుపెట్టె:

మాస్టారూ, ఆ ఒక్క వరుసతో సగం పని అయిపోయింది. సిస్టమ్‌డి-ఊమ్‌డి అన్నది యంత్రం మెమరీని, అంటే ర్యామ్‌ను, కాపలా కాసే సేవ. ఉబుంటు డెస్క్‌టాప్‌లో 22.04 నుంచి మొదటి నుంచే పనిచేస్తూ ఉంటుంది. మెమరీ మీద ఒత్తిడి కొంతసేపు తగ్గకుండా ఉంటే యంత్రమంతా బిగుసుకుపోకముందే, ఎక్కువ తింటున్న ప్రోగ్రామును అది ఆపేస్తుంది. మీ లిబ్రెఆఫీస్ కూలలేదు, దానిని ఆపేశారు. సందేశం రాకపోవడానికి కారణం కూడా ఇదే. ఆపేసిన ప్రోగ్రాముకు చెప్పుకునే వ్యవధి ఉండదు.

ఇప్పుడు ఆ మెమరీని ఎవరు తింటున్నారో చూడాలి. రైటర్ దాచే ఓడీటీ ఫైలు అన్నది నిజానికి ఒక జిప్ మూట. మీ ఫైలుకు నకలు తీసి, ఆ నకలు పేరు చివర జిప్ అని మార్చి ఆర్కైవ్ మేనేజరుతో తెరవండి. అందులో పిక్చర్స్ అనే ఫోల్డరు ఉంటుంది, మీ 26 ఫోటోలూ అక్కడే ఉంటాయి. ఒకటి బయటకు తీసి దాని కొలత పిక్సెళ్లలో ఎంతుందో చూసి రాయండి.

సాలూరు మాస్టారు:

తెరిచి చూశాను. ఫోటోలను నేను స్కానరులో 600 డీపీఐతో (అంగుళానికి 600 చుక్కలు) పూర్తి ఏ4 పరిమాణంలో తీసి, రైటర్‌లో చుట్టూ కత్తిరించి, మూలలు పట్టి చిన్నవిగా చేశాను. బయటకు తీసిన బొమ్మ మాత్రం కత్తిరించకముందు ఎలా ఉందో అలాగే ఉంది: అడ్డంగా 4,960, నిలువునా 7,016 పిక్సెళ్లు. ఫైలు ఒక్కొక్కటి 4 ఎంబీ లోపే కనుక భారమని ఎన్నడూ అనుకోలేదు.

ఫాంటుపెట్టె:

అక్కడే పొరపాటు పడతాం. 4 ఎంబీ అన్నది జేపెగ్‌గా మడిచి పెట్టినప్పటి పరిమాణం. తెర మీద చూపాలంటే మడత విప్పాలి. 4,960ని 7,016తో హెచ్చిస్తే సుమారు 3 కోట్ల 48 లక్షల పిక్సెళ్లు, పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున ఒక్క ఫోటోకు దాదాపు 140 ఎంబీ అవుతుంది. అలాంటివి 26 ఉంటే 3.6 జీబీ. అన్నింటినీ ఒకేసారి విప్పదనుకున్నా, మీకున్న 4 జీబీలో డెస్క్‌టాప్, బ్రౌజరు తమ వాటా తీసుకున్నాక మిగిలేది కొంచెమే. ఇరవయ్యో పుట దగ్గర మాయమవడంలో వింత లేదు.

రైటర్‌లో కత్తిరించినా, చిన్నది చేసినా అసలు బొమ్మ చెక్కుచెదరదు. ఎంత చూపాలో మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. మీరు మూడు అంగుళాల వెడల్పున అచ్చు వేసే ఫోటోకు 300 డీపీఐ లెక్కన 900 పిక్సెళ్లు చాలు. అలా తగ్గించిన బొమ్మ విప్పినప్పుడు 5 ఎంబీ కూడా ఉండదు, అంటే దాదాపు ముప్పయ్యో వంతు. ముందు ఫైలుకు నకలు తీసి పెట్టండి, 600 డీపీఐ స్కానులను వేరే ఫోల్డరులో భద్రపరచండి, అవి మీ ఊరి చరిత్ర. ఆ తరువాత ఒక్కొక్క ఫోటో మీద కుడి మీట నొక్కి కంప్రెస్ ఎంచుకుని, రిజల్యూషన్ 300 ఇచ్చి ఒప్పుకోండి. బ్రౌజరు మూసి, పది ఫోటోలకు ఒకసారి సేవ్ చేస్తూ వెళ్లండి. ఊమ్‌డి సేవను ఆపేయమని ఎవరైనా చెప్పినా వినకండి. అది లేకపోతే కిటికీకి బదులు యంత్రం మొత్తం స్తంభిస్తుంది.

సాలూరు మాస్టారు:

రెండు సాయంత్రాలు పట్టింది. 104 ఎంబీ ఉన్న ఫైలు 9 ఎంబీకి దిగింది, మొదటి పుట నుంచి చివరి పుట వరకు ఎక్కడా ఆగకుండా వెళుతోంది, పీడీఎఫ్ కూడా వచ్చింది. మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

ఒక్కటి మిగిలింది. శీర్షికల కోసం ఒక మిత్రుడు ఇచ్చిన ఫాంటులో స్త్రీ అన్న మాట సరిగా రావడం లేదు. తకారపు వత్తు, రకారపు వత్తు ఒకదానిమీద ఒకటి ఎక్కి నల్లటి ముద్దగా కనిపిస్తున్నాయి. శాస్త్రం, వస్త్రం అన్న మాటల్లోనూ అంతే. క్ర, ప్ర వంటివి మాత్రం సరిగానే ఉన్నాయి. ఇది లిబ్రెఆఫీస్ వారికి రాయవలసినదా?

పాత కంపోజిటరు:

ఎవరికి రాయాలో తేల్చుకోవడానికి రెండు పరీక్షలు చాలు. రైటర్‌లోనే స్త్రీ అన్న మాటను నోటో సెరిఫ్ తెలుగులోను, పోతన2000లోను పెట్టి చూడండి. ఆ తరువాత మీ శీర్షికల ఫాంటును ఉబుంటులోని టెక్స్ట్ ఎడిటరులో పెట్టి అదే మాట రాయండి. మిగిలిన ఫాంట్లలో బాగుండి, ఈ ఫాంటు రెండు ప్రోగ్రాముల్లోనూ తప్పుతుంటే తప్పు దాదాపుగా ఫాంటుదే. రైటర్‌లో మాత్రమే తప్పుతుంటే లోపాలను నమోదు చేసే లిబ్రెఆఫీస్ వారి బగ్‌జిల్లాలో రాయాలి. దాదాపుగా అని ఎందుకన్నానంటే, అక్షరాలను కలిపి ఆకారం కట్టే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ భాగం రెండింటికీ ఉమ్మడిగా ఉంది. లిబ్రెఆఫీస్ 2017లో వచ్చిన 5.3 నుంచి అన్ని వ్యవస్థల్లోనూ దానినే వాడుతోంది. వీలైతే విండోస్ ఉన్న యంత్రంలో నోట్‌ప్యాడ్‌లోనూ ఒకసారి చూస్తే ఆ సందేహమూ తీరుతుంది.

ఎవరికి రాసినా ఒక సంగతి మరవకండి. చదివేవారికి తెలుగు వచ్చి ఉండకపోవచ్చు. మనకు చూడగానే తెలిసే తప్పు వారి కంటికి మామూలు అక్షరంలాగే కనిపిస్తుంది. తెలుగు సరిగా రావడం లేదని మాత్రమే రాసిన ఫిర్యాదులు అలాగే పడి ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. ఎలా ఉండాలో ఒక బొమ్మ, ఎలా వస్తోందో ఒక బొమ్మ పక్కపక్కన పెట్టి, తప్పు ఉన్నచోట ఎర్రగా సున్నా చుట్టండి. ఆ మాటను బొమ్మగా మాత్రమే కాక అక్షరాలుగా కూడా ఇవ్వండి, అందులోని యూనికోడ్ సంఖ్యలను వరుసగా రాయండి. 48 పుటల ఫైలు పంపకండి. ఒకే మాట ఉన్న కొత్త ఫైలులో తప్పు కనిపించేలా చేసి పంపండి. అబౌట్ కిటికీలో వెర్షన్ వివరాలన్నింటినీ నకలు తీసే మీట ఉంటుంది, అది నొక్కి అతికించండి. క్ర, ప్ర వంటివి సరిగా వచ్చి, మూడు హల్లుల సంయుక్తాల్లోనే తప్పుతోందని మీరు గమనించారు చూశారూ, ఆ వాక్యాన్ని తప్పక చేర్చండి. బాగుచేసేవారికి సగం దారి అదే చూపిస్తుంది. వారు అడిగిన అదనపు సమాచారానికి ఆలస్యం చేయకుండా బదులివ్వండి. బదులు రాని ఫిర్యాదులను కొంతకాలానికి మూసేస్తారు.

సాలూరు మాస్టారు:

పరీక్షలు చేశాను. నోటో సెరిఫ్‌లో, పోతనలో స్త్రీ చక్కగా ఉంది. ఆ ఫాంటు రైటర్‌లోను, టెక్స్ట్ ఎడిటరులోను, మా గ్రంథాలయ కార్యదర్శి ఇంటిలోని విండోస్ యంత్రంలోను ఒకేలా తప్పుతోంది. ఫాంటు తయారుచేసినవారి చిరునామా ఫైలులోనే దొరికింది. స్త్రీ, శాస్త్రం, వస్త్రం, రాష్ట్రం అన్న నాలుగు మాటలు మాత్రమే ఉన్న ఫైలు, రెండు బొమ్మలు, యూనికోడ్ సంఖ్యల వరుస జతచేసి నిన్న రాత్రి రాశాను. రాష్ట్రంలో టకారపు వత్తుతో కూడా అదే ముద్ద పడుతోందని రాసేటప్పుడే గమనించి ఆ మాటనూ చేర్చాను.

వారి జవాబు వచ్చేవరకు ఆగే వ్యవధి లేదు కనుక శీర్షికలన్నింటినీ స్టైల్‌లో ఒక్కచోట మార్చి పోతన2000లో పెట్టాను. పీడీఎఫ్ ఈ ఉదయం ప్రెస్సుకు వెళ్లింది. జవాబు రాగానే ఇక్కడ తెలియజేస్తాను.